జాలి పెడితే ఆకు కాదు, నీళ్లే ఆగినయ్: దేవరకొండ దిక్కు ఒక డాబా ఇంటి కేసు

నేను ప్లంబింగ్ పని చేస్త, దాంతోపాటు డాబా మీది వాన నీళ్లు సంపుకు ఎక్కించే పని, ఇంకుడు గుంతల పని కూడ. నల్లగొండ, దేవరకొండ, కల్వకుర్తి దిక్కు ఎక్కువ తిరుగుత. ఈ ఒక్క ఇంటి సంగతి ఇంత పొడుగు రాస్తున్నదెందుకంటే ఈ ఇంట్ల నేను రెండుసార్లు తప్పు పని జేసిన, ఆ రెండు తప్పులు కూడ మా పనోళ్లం చానా ఇండ్లల్ల రోజూ చేసేటియే. ఊరి పేరు, ఇంటోళ్ల పేర్లు చెప్పను. ఆయన రిటైర్ అయిన టీచర్, అందరం సార్ అనే పిలుస్తం, ఆయన తల్లిని అవ్వ అంట.

ఇల్లు, చెట్లు

30 బై 40 ఇల్లు, అంటే స్లాబు 1200 చదరపు అడుగులు, మీటర్లల్ల చెప్తే 111. స్లాబు వాటం ఇంటి ముందు నుంచి వెనక్కి ఇచ్చిండ్రు. చుట్టూ మూడడుగుల పిట్టగోడ. వెనక పిట్టగోడ అడుగున రెండు పొక్కలు, రెండిట్ల మూడించుల పైపులు అడ్డంగ గోడ దాటి బయటికొచ్చి, ఆడ 90 డిగ్రీల ఎల్బో (వంపు ముక్క) తిరిగి గోడ పొంటి కిందికి దిగుతయ్. పొక్క ముందు బాత్రూంల పెట్టే గుండ్రటి సాపు జాలి, సిమెంటుతోని అంటిచ్చి ఉన్నది. కింద రెండు పైపులు చిన్న తొట్టి లెక్క ఉండే ఒక చాంబర్ల కలిసి, ఆడినుంచి 10 వేల లీటర్ల సంపుకు పోతయ్.

ఆ సంపు ఊరికే కట్టింది కాదు. మా దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ సంగతి అందరికీ ఎరుకే, తాగే నీళ్లల్ల లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఉండొద్దంటరు, మర్రిగూడ, మునుగోడు దిక్కు ఎన్ని ఇండ్లల్ల ఎముకలు వంగిన మనుషులున్నరో మనం చూసినం. నీళ్లు కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇంకిన కొద్దీ ఇంక చిక్కగైతది. వాన నీళ్లల్ల ఆ బాధ లేదు కాబట్టి సార్ వాళ్ల నాయన ఉన్నప్పుడే ఆ సంపు కట్టిచ్చిండు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నయ్ గని, అవ్వ పప్పు మాత్రం వాన నీళ్లతోనే పెడ్తది, మెత్తగ ఉడుకుతదని. కాబట్టి ఈ ఇంటికి డాబా మీది నీళ్లంటే మోరీకి పోయే నీళ్లు కాదు, పొయ్యి మీదికి పోయే నీళ్లు.

ఇంటి వెనక జాగల ఒక పెద్ద యాప చెట్టు, కొమ్మలు సగం స్లాబు మీదికి వంగినయ్. పక్కింటోళ్ల జాగల బాదం చెట్టు, దాని ఆకు గాలికి ఈ డాబా మీదనే పడ్తది. ఈ రెండు చెట్లు ఉన్నందుకే ఈ కేసు నాకు పాఠమైంది, ఒక్క చెట్టే ఉంటే నేను మొదటిసారి చేసిందే సరిపోయేదేమో.

పిలిచింది స్లాబు ఉరుస్తుందని

2020 అక్టోబర్ 13న కొట్టిన వాన మీకు యాదికుంటది, హైదరాబాద్ మునిగిన వాన, మా దిక్కు కూడ పగలూ రాత్రీ పడ్డది. ఆ తర్వాత వారానికి సార్ ఫోన్ చేసిండు. "తమ్మీ, వెనక బెడ్‌రూంల స్లాబు ఉరుస్తుంది, వాటర్‌ప్రూఫ్ పూత వేసేటోళ్లు ఎవరన్న ఎరుకేనా" అని అడిగిండు. అంటే నన్ను పిలిచింది పైపు పనికి కాదు, పూత వేసే మనిషి నంబరు కోసం. అప్పటికే 2018ల ఒకసారి, 2019ల ఒకసారి పూత వేయిచ్చిండు, రెండుసార్లకు కలిపి 22 వేలు అయినయట, అయినా ఉరుపు ఆగలే.

నేను పోయి చూస్తే ఉరుపు మరక స్లాబు నడుమల లేదు. గోడా స్లాబు కలిసే మూలల ఉన్నది, ఆడినుంచి గోడ మీదికి జారింది. ఇంకో మాట అవ్వ చెప్పింది, "చిన్న వానకు కారదు బిడ్డా, వాన బందైనంక కూడ ఒక గంట కారుతది" అన్నది. స్లాబుల పగులు ఉంటే వాన మొదలైన కొద్ది సేపటికే తెలుస్తది, వాన ఆగినంక తగ్గుతది. ఇది దానికి ఉల్టా. నీళ్లు ఏడ్నో నిలిచి, ఒక ఎత్తుకొచ్చినంక లోపటికి పోతున్నయన్న మాట.

డాబా మీదికెక్కి పిట్టగోడ లోపటి దిక్కు చూసిన. గోడ పొంటి సన్నటి మట్టి గీత, వెనక మూలల స్లాబు నుంచి కొలిస్తే ఐదించుల ఎత్తుల ఉన్నది, ముందుకు పోయిన కొద్దీ స్లాబు వాటం పైకి లేస్తది కాబట్టి గీత స్లాబుకు దగ్గరైతది. అంటే గీత మట్టసం. నీళ్లు నిలిచి ఇంకినప్పుడు వదిలిన గీత. అది చూసినంక నాకు సగం అర్థమైంది. గోడా స్లాబు కలిసే కాడ మేస్త్రిలు సిమెంటుతోని గోలా తిప్పుతరు కదా, అది ఈ ఇంట్ల నాలుగించులే ఉన్నది, పూత కూడ ఆడిదాకనే వేసిండ్రు. నీళ్లు ఐదించులకు వస్తే గోలా దాటి ప్లాస్టరుకు, ఇటుకకు తగులుతయ్, ఆడినుంచి లోపటికి.

అయినా చూసినంత మాత్రాన నమ్మొద్దని ఒక పరీక్ష చేసిన. మూలల నాలుగడుగుల బై నాలుగడుగులు మట్టితోని చిన్న కట్ట కట్టి, రెండించుల నీళ్లు పోసి తెల్లారిదాక ఉంచిన. లోపట పొడి. మళ్ల ఐదించులకు నింపిన, 190 లీటర్ల దాక పట్టినయ్, మూడో గంటకు బెడ్‌రూం మూలల చెమ్మ కనబడ్డది. స్లాబు మొత్తం నింపి చూద్దామని సార్ అన్నడు, నేను వద్దన్న. ఒక చదరపు మీటరు మీద నాలుగించుల నీళ్లంటే 100 కిలోలు. మనుషులు తిరిగే స్లాబుకు లెక్క కట్టేది చదరపు మీటరుకు 150 కిలోలు, అది మనుషులకు, సామానుకు, పాత స్లాబు మీద ఆ లెక్క అంతా నీళ్లతోని నింపి చూసుడు తెలివైన పని కాదు. మూల ఒక్కటే చాలు.

కాబట్టి పూత ఎన్నిసార్లు వేసినా ఎందుకు ఆగలేదో తేలింది. స్లాబు మంచిగనే ఉన్నది. నీళ్లు పోయే తొవ్వ బందైతున్నది. ఇక్కడిదాక నేను చేసిన పని మీద నాకు ఇప్పటికీ ఏ అనుమానం లేదు. తర్వాత చేసిందే సరిగ్గ చేయలే.

మొదటి ప్రయత్నం: మంచి జాలి, ఇంకా సన్న జాలి

పొక్కల కాడ చూస్తే రెండు జాలీల మీద ఒక్కొక్క బాదం ఆకు అతుక్కొని ఉన్నది. బాదం ఆకు జానెడు పొడుగు, అరచేయి కంటే వెడల్పు, తోలు లెక్క మందం. మూడించుల సాపు జాలికి అది సరిగ్గ మూతైతది. నీళ్లు గుంజిన కొద్దీ ఇంకా గట్టిగ అతుక్కుంటది, దాని మీద యాప ఆకు, మట్టి పేరుకుంటది. ఒక్క ఆకుతోని సగం డాబా నీళ్లు ఆగినట్టే.

అప్పుడు నా ఆలోచన ఏందంటే, సాపు జాలి తీసి గోపురం లెక్క పైకి లేసిన ప్లాస్టిక్ జాలి పెడ్తే బాదం ఆకు మూత వేయలేదు, ఒక దిక్కు అతుక్కున్నా ఇంకో దిక్కు నుంచి నీళ్లు పోతయ్ అని. ఆలోచన తప్పు కాదు. కాకపోతే గోపురం జాలి కన్నాలల్ల నుంచి యాప ఆకు సులువుగ దూరుతది, సంపుల ఆకు పడి కుళ్లితే నీళ్లు ఎర్రగైతయ్, వాసనొస్తది. అందుకని సార్ "దోమల జాలి చుట్టుదామా తమ్మీ" అన్నడు, నాకు కూడ మంచిగనే అనిపిచ్చింది, చుట్టిన. ఆకు, పురుగు, చెత్త ఏదీ లోపటికి పోదు, సంపు సాఫ్‌గ ఉంటది అని ఇద్దరం అనుకున్నం. ఇది 2021 ఫిబ్రవరిల.

యాప చెట్టు లెక్క ఎట్లుంటదో ఆలోచిస్తే అప్పుడే తెలిసేది. ఫిబ్రవరి, మార్చిల ఆకు రాలుతది. ఉగాదికి పూత, ఆ పూత రాలుతనే ఉంటది. జూన్, జూలైల పండ్లు. మన వానేమో మిరుగు కార్తెకు, జూన్ 7, 8 తారీకులకు అటూఇటూగ మొదలైతది. అంటే నాలుగు నెలలు రాలిన ఆకు, పూత, దుమ్ము అంతా ఎండకు నలిగి పొడై డాబా మీద తయారుగ ఉంటది, మొదటి వానకు అన్నీ ఒక్కసారే పొక్క కాడికి కొట్టుకొస్తయ్. ఏడాది మొత్తంల ఎక్కువ చెత్త వచ్చేది ఆ మొదటి గంటల్నే.

జూన్ల అదే అయింది. ఈదురుగాలితోని గంటన్నర వాన. ఎండిన యాప పూత, మట్టి కలిసి దోమల జాలి మీద పల్చటి పొర కట్టింది, గోడకు సున్నం పూత వేసినట్టు. చుక్క నీరు పోలే. ఇంతకుముందు బాదం ఆకు అడ్డమైతే పక్క నుంచన్న కొంచెం పోయేది, ఇప్పుడు అది కూడ లేదు. వెనక ఐదించులు నిలిచి, మెట్ల గది గడప దాటి నీళ్లు మెట్ల మీద నుంచి హాల్లకు దిగినయ్. సరాసరి మూడించుల లోతు అనుకున్నా స్లాబు మీద ఎనిమిదిన్నర టన్నుల నీళ్లు ఉన్నట్టు. సార్ వానల గొడుగు పట్టుకొని ఎక్కి, మోకాళ్ల మీద కూసొని చేత్తో ఆ పొర చింపితే అప్పుడు పోయినయ్. 65 ఏండ్ల మనిషి, ఉరుముల నడుమ, తడి స్లాబు మీద. నాకు ఆ మాట చెప్పినప్పుడు మస్తు బాధైంది, నేను పెట్టిన జాలి వల్లనే ఆయన ఆడికి ఎక్కాల్సొచ్చింది.

రెండో ప్రయత్నం: పైన వదిలేసి కింద పట్టుకుందామని

అప్పుడు నేను ఉల్టా దిక్కు పోయిన. పైన ఆపితే నీళ్లు నిలుస్తున్నయ్, నీళ్లు నిలిస్తే ఇంటికే ప్రమాదం, కాబట్టి పైన ఏదీ ఆపొద్దు, ఆకును కిందికి పోనిద్దాం, చాంబర్ల బుట్ట పెట్టి ఆడ పట్టుకుందాం, కింద ఐతే అవ్వ కూడ బుట్ట ఎత్తి దులపగలదు అని. దోమల జాలి తీసేసిన, గోపురం జాలి ఎట్లాగూ ఎండకు పెళుసు బారి ఒక రెక్క ఇరిగింది, మా దిక్కు ఎండ 45 డిగ్రీలకు పోతది, పల్చటి ప్లాస్టిక్ ఒక ఎండకాలం నిలబడుడే కష్టం. అది కూడ తీసేసిన.

నెల రోజులు మంచిగ నడిచింది. బుట్టల ఆకు పడ్తున్నది, సార్ సంతోషంగనే ఉన్నడు. ఆగస్టుల మళ్ల ఫోను, ఒక పైపు నుంచి నీళ్లే దిగుతలేవు. పైన పొక్క కాడ చూస్తే ఏం లేదు, ఖాళీ. ఇనుప చువ్వ దూపితే గోడ దాటినంక ఎల్బో కాడ తగిలింది. సార్ అంతకుముందే అదే చువ్వతోని గట్టిగ పొడిస్తే ఎల్బో పగిలి గోడ పొంటి నీళ్లు కారి బయటి గోడ కూడ పచ్చగైంది.

ఎల్బో కోసి తీసి లోపట చూసిన. ఈ ఒక్క విషయం కొత్తగ పనిల కొచ్చినోళ్లు యాదిపెట్టుకోవాలె. యాప ఆకు విడిగ ఒక్కొక్కటి చిన్నదే, నీళ్లతోని జారిపోతది. కాని యాప రెమ్మకు నడుమ ఈనె ఉంటది, ఆకులు రాలినంక కూడ అది జానెడు, జానెడున్నర పుల్ల లెక్క మిగుల్తది. ఆ పుల్ల నిలువుగ పైపుల దూరుతది, 90 డిగ్రీల వంపు కాడ తిరగలేక అడ్డం పడ్తది. ఒకటి పడ్డంక ఇంకోటి దాని మీద, పిట్ట గూడు కట్టినట్టు. ఆ గూడుల ఆకు, యాప గింజలు, మట్టి ఇరుకుతయ్. నేను తీసిన ముద్ద పిడికిలి కంటే పెద్దగున్నది, దాంట్ల ఒక యాప గింజ మొలకెత్తింది కూడ.

అంటే బాదం ఆకు జాలిని మూసింది, యాప ఈనె ఎల్బోను మూసింది. సన్న జాలి పెడ్తే యాప పూత మూసింది. నేను చేసిందల్లా బందయ్యే చోటును పైనుంచి కిందికి, కిందినుంచి పైకి జరుపుడు. పైన బందైతే కంటికి కనబడ్తది, చేత్తో తీయొచ్చు. ఎల్బోల బందైతే కనబడదు, కోయాలె. రెండో పని మొదటి దాని కంటే నష్టం పని.

చెట్టు కొట్టేద్దామన్న మాట

పక్కింటోళ్లు, చుట్టాలు అందరు చెట్టు కొట్టేయమన్నరు. సార్ కూడ సగం ఒప్పుకున్నడు. అవ్వ ఒప్పుకోలే. "ఇల్లు కట్టకముందు నుంచి ఉన్నది అది, దాని నీడల నేను కాపురం జేసిన, నీళ్లు పోతలేవని యాప చెట్టు కొడ్తరా" అన్నది. ఆమె మాట నాకు కూడ సరే అనిపిచ్చింది, పని చేసేటోనిగ చూసినా సరే. బాదం చెట్టు పక్కింటిది, అది ఉంటనే ఉంటది. యాప కొట్టినా గాలికి వేరే ఆకు వస్తది. ఎండకాలం ఆ నీడ లేకపోతే వెనక రెండు గదులు కాలిపోతయ్. స్లాబు మీదికి వంగిన రెండు కొమ్మలు మాత్రం కొట్టిచ్చినం, అది కూడ అవ్వకు చెప్పి, ఆకు రాలకముందే జనవరిల. దాంతోని ఆకు చానా తగ్గింది గని సమస్య పోలే, పోతదని కూడ నేను అనుకోలే.

2022 ఎండకాలంల చేసిన పని

ఈసారి తొందరపడలే. ఇంతకుముందు చేసిన రిపేర్లు రెండూ ఫెయిలైనయ్ కాబట్టి మే నెల మొత్తం కూసొని లెక్కేసిన.

మొదట పైపు సైజు. గంటకు 50 మి.మీ. వాన లెక్కకు మూడించుల పైపు ఒకటి 40 చదరపు మీటర్ల స్లాబు నీళ్లను మోస్తదని పైపు సైజుల టేబుల్ల ఉంటది, నాలుగించులది 85 దాక మోస్తది. ఈ ఇంట్ల ఒక్కో పైపుకు 55 చదరపు మీటర్లు పడ్తున్నయ్. అంటే ఏ ఆకూ లేకున్నా, పైపు తళతళ మెరిసినా, గట్టి వానకు అది చాలదు. ఈ లెక్క నేను 2020లనే వేయాల్సుండే, ఆకు కళ్ల ముందర కనబడే సరికి పైపును చూడలే. కాబట్టి రెండూ నాలుగించులకు మార్చాలె. పొక్క పిట్టగోడల ఉన్నందుకు పని సులువైంది, ఇటుక గోడ కాబట్టి పెద్దగ చేయొచ్చు, స్లాబు కోసి చువ్వలు తెంపే బాధ లేదు.

రెండోది ఎల్బో. దాన్ని తీసేసి ఆ జాగల టీ (మూడు మూతుల పైపు ముక్క) పెట్టిన. అడ్డంగొచ్చే పైపు టీ నడుమ మూతికి, కింది మూతి కిందికి పోయే పైపుకు, పై మూతికి తిప్పి తీసే మూత. ఎప్పుడన్న ఇరికితే పిట్టగోడ మీద నుంచి చెయ్యి చాపి మూత తీసి కర్ర వేస్తే నేరుగ కిందిదాక పోతది, ఎక్కడా వంపు లేదు. ఈ ఒక్క మార్పుకు రెండు పైపులకు కలిపి కొన్ని వందల ఖర్చే, కొత్త ఇల్లు కట్టేటప్పుడే చేస్తే అది కూడ కాదు, ఎల్బోకు టీకి అంత తేడా లేదు.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైంది, జాలి. మొదటిసారి నేను జాలిని పొక్కకే అంటిచ్చిన. పొక్క కాడ నీళ్లు జోరుగ గుంజుతయ్, ఆకును తెచ్చి ఆడ్నే అతికిస్తయ్. ఆకు ఆగే జాగ, నీళ్లు దూరే జాగ ఒక్కటే అయినప్పుడు ఏ జాలి పెట్టినా గంతే. అందుకే ఈసారి జాలిని పొక్క నుంచి రెండున్నర అడుగులు దూరం జరిపి, అర్ధచంద్రం లెక్క పిట్టగోడ నుంచి పిట్టగోడ దాక నిలబెట్టిన. అరించు గళ్ల జీఐ వెల్డ్ మెష్ (జింకు పూసిన ఇనుప తీగల జాలి), అడుగు ఎత్తు. దాని చుట్టు పొడుగు ఏడు అడుగుల పది ఇంచుల దాక వస్తది. నాలుగించుల పొక్క 12న్నర చదరపు ఇంచులు. డాబా మీద ఒక్క ఇంచు లోతు నీళ్లున్నా ఆ మెష్‌కు 94 చదరపు ఇంచులు తడుస్తది, అంటే పొక్కకు ఏడున్నర రెట్లు. నీళ్లు అంత వెడల్పుల మెల్లగ పోతయ్ కాబట్టి ఆకు గట్టిగ అతుక్కోదు, వచ్చి ఒరిగి ఉంటది. కింద మొత్తం ఆకుతోని మూసుకపోయినా నీళ్లు ఒక ఇంచు లేసి పైన కొత్త గళ్లల్ల నుంచి పోతయ్. వాన ఆగినంక ఎండకు ఆకు ఎండి గాలికి తనంతల తనే ఊడిపోతది. సన్న జాలి కంటే అరించు గళ్లది ఎందుకంటే యాప పూత, మట్టి పోవాలె, పుల్ల, బాదం ఆకు ఆగాలె. విడి యాప ఆకులు కొన్ని దూరుతయ్, దూరనీ, నాలుగించుల నిలువు పైపుల అవి ఆగవు, కింద బుట్టల పడ్తయ్.

మెష్‌ను నిలబెట్టడానికి స్లాబుకు డ్రిల్ వేయలే. పూత వేసిన స్లాబుకు కన్నం పెట్టుడంటే ఇంకో ఉరుపు కొని తెచ్చుకున్నట్టే. చిన్న చిన్న సిమెంటు దిమ్మెలు పోసి, వాటి నడుమ నీళ్లు పోవుడానికి సందులు వదిలి, మెష్‌ను వాటిల గాడి చేసి నిలిపిన. కావాలంటే పైకి ఎత్తి తీయొచ్చు.

నాలుగోది పొంగు పైపు. ఇది లేని డాబా నాకు ఇప్పుడు చూస్తేనే భయమైతది. చుట్టూ మూడడుగుల పిట్టగోడ కట్టి, రెండు పొక్కలు పెట్టి, ఆ రెండూ బందైతే నీళ్లు ఎటు పోవాలె అన్న ఆలోచన ఎవరూ చేయరు. పక్క పిట్టగోడల, వెనక మూలకు దగ్గర్ల, స్లాబు నుంచి రెండున్నర ఇంచుల ఎత్తుల మూడించుల పైపు ఒకటి పెట్టి అడుగు బయటికి వదిలిన. రెండున్నర ఎందుకంటే గోలా నాలుగు, మెట్ల గది గడప ఐదు, ఆ రెండిటికీ తక్కువ ఉండాలె. చిన్న వానకు అది కారొద్దు, కాబట్టి మరీ కింద కూడ పెట్టొద్దు.

దాన్ని ఏ దిక్కు పెట్టాలె అని సార్‌తోని చానాసేపు మాట్లాడిన. ఆయనేమో ఎవరికీ కనబడకుండ వెనక దిక్కు పెట్టమన్నడు, అందం పోతదని. నేను పక్క దిక్కే పెట్టాలె సార్ అన్న, అవ్వ కూసునే అరుగు నుంచి కనబడాలె. ఆ పైపు నుంచి నీళ్లు పడ్డయంటే డాబా మీద ఏదో బందైందన్నట్టు. ఎవరూ ఎక్కి చూడకుండనే ఇంటికి ఖబర్ వస్తది. కనబడని పొంగు పైపుతోని స్లాబు బతుకుతది గని, సంపుకు పోయే నీళ్లన్నీ వృథాగ పోతున్నా ఎవరికీ తెల్వదు. ఆయన ఒప్పుకున్నడు.

కింద చాంబర్ కాడ పైపును బుట్టకు నాలుగించుల పైన ఆపిన, నీళ్లు పడుడు కంటికి కనబడాలె, రెండు పైపుల ఏది సన్నగ పడ్తున్నదో తెల్వాలె. సంపుకు పోయే ముందు ఒక వాల్వు, ఇంకుడు గుంతకు ఒక తొవ్వ. మొదటి వాన మొత్తం గుంతకే. కొందరు మూడు మీటర్ల పైపు ముక్క నిలబెట్టి మొదటి మురికి నీళ్లు దాంట్ల ఆగుతయంటరు, నాలుగించుల పైపుల మీటరుకు ఎనిమిదిన్నర లీటర్లు పడ్తయ్, మూడు మీటర్లకు 25. ఈ స్లాబు మీద ఒక్క మి.మీ. వాన పడితేనే 111 లీటర్లు. కాబట్టి ఇంత డాబాకు ఆ పైపు ముక్క చాలదు, వాల్వే నయం.

మొత్తం సామాను, కూలి కలిపి 9 వేల చిల్లర అయింది.

సాఫ్ చేసుడు ఎవరి పని

పని అయినంక "ఇగ డాబా ఎక్కే పని లేదు కదా తమ్మీ" అని సార్ అడిగిండు. ఉన్నది సార్ అని చెప్పిన. కాకపోతే వానల ఎక్కే పని లేదు, పొడిగున్నప్పుడు ఎక్కాలె. తారీకులు చెప్తే ఎవరూ యాదిపెట్టుకోరు కాబట్టి పండుగలు చెప్పిన. బాదం ఆకు ఎర్రబడి రాలేది చలికాలంల, కాబట్టి సంక్రాంతి అయినంక పతంగులు, దారాలు ఏరేటప్పుడే ఒకసారి ఊడ్వాలె. యాప ఆకు రాలుడు అయినంక ఉగాదికి ఒకసారి. మిరుగుకు ముందు, రోహిణి కార్తెల, అన్నిటికంటే గట్టిగ ఒకసారి, ఆ రోజు టీ మూతలు తీసి ఒక బకెట్ నీళ్లు పోసి కింద పడుడు చూడాలె. బతుకమ్మకు ముందు ఇంకోసారి. వానకాలంల బుట్ట మాత్రం వారానికొకసారి దులపాలె, అది కిందనే కాబట్టి అవ్వ నేను చూసుకుంట అన్నది.

తర్వాత

2022, 2023, 2024, మూడు వానకాలాలు పోయినయ్. బెడ్‌రూం మూలల మళ్ల చెమ్మ రాలే, మూడో పూత వేయిచ్చే అవసరం పడలే, పాత మరక మీద సున్నం వేసిండ్రు. పొంగు పైపు ఒక్కసారి కారింది, 2023 జూలైల. పొద్దున్నే వాన, అవ్వ అరుగు మీద కూసొని చూసి సార్‌ను పిలిచింది. ఎక్కి చూస్తే ఎండకాలం వడియాలు పెట్టిన పెద్ద ప్లాస్టిక్ కవరు డాబా మీదనే మర్చిపోయిండ్రు, అది కొట్టుకొచ్చి ఒక మెష్‌కు అడ్డం పడ్డది, రెండోది ఒక్కటే జోరు వానను మోయలేక రెండున్నర ఇంచులు లేసింది. ఇదే కవరు పాత పొక్కకు పడితే ఏమయ్యేదో సార్‌కు నేను చెప్పే పని లేకుండె. వాన తగ్గినంక పోయి తీసిండు, వానల కాదు.

ఈ కేసు నుంచి నేను పని చేసే తీరు కొంత మారింది. ఉరుపు అని పిలిస్తే పూత మాట ఎత్తకముందు పిట్టగోడ లోపటి గీత చూస్త. జాలి పెట్టమంటే ముందు తలెత్తి ఏ చెట్టో చూస్త, ఎందుకంటే బాదానికి సరిపోయే జాలి యాపకు సరిపోదు. చింత చెట్టు ఐతే ఇంకో కథ, దాని ఆకు అంత సన్నది కాబట్టి మెష్‌ల ఆగదు, ఆడ కింది బుట్ట పెద్దగుండాలె, సన్న గళ్లది ఉండాలె, పైన పొక్క మాత్రం తెరిచే ఉంచాలె. కొత్త ఇల్లు కట్టేటోళ్లు ప్లాన్ చూపిస్తే పొక్కలు ఎన్ని అని కాదు, అవి బందైతే నీళ్లు ఎటు పోతయ్ అని అడుగుత. చానామంది మేస్త్రిలు ఆ ప్రశ్నకు పొంగు పైపు ఎందుకన్న, రెండు పొక్కలున్నయ్ కదా అంటరు. వాళ్లతోని వాదం పెట్టుకోను, ఒక ఇటుక ముక్క తీసుకొని ఐదించులు గోడ మీద గీసి, ఇంత నీళ్లు నిలిస్తే స్లాబు మీద ఎన్ని టన్నులో మీరే లెక్కేయున్రి అంట.

ఈ ఇంట్ల ఇంకా ఒక పని మిగిలే ఉన్నది. ఎడమ దిక్కు మెష్ అడుగున, సిమెంటు దిమ్మెల గాడి కాడ, తుప్పు పట్టింది. ఆడ మట్టి నిలిచి చెమ్మ ఎక్కువసేపు ఉంటుంది. జీఐ పెట్టింది ఖర్చు తక్కువని, ఇప్పుడు చూస్తే అడుగు రెండించులు తినేసింది. సార్‌కు స్టీల్ మెష్ రేటు చెప్పిన, గాడి కింద అరించు సందు వదిలేటట్టు దిమ్మెలు కూడ మళ్ల పోయాలె. రోహిణి కార్తెల పోయి మార్చి వస్తనని మాటిచ్చిన.